దావిత్ తలుపు తీయలేదు

జూన్ 9, సోమవారం

నా వాక్యాలు ఇవాళ మొగిలయ్య జిరాక్స్ షాపులో తాడుకి వేలాడుతూ కనిపించాయి.

పిల్లలకి గ్రామర్ షీట్లు తీయించుకుందామని వెళ్ళాను. ఆ తాడు నాకు కొత్త కాదు. అమీర్‌పేటలో ఏ ఇన్‌స్టిట్యూట్‌లో ఏ సారు ఏం చెప్పినా, వారం తిరక్కుండా స్పైరల్ బైండింగ్ చేయించుకుని ఆ తాడెక్కుతుంది. జావా పక్కన గ్రూప్స్, గ్రూప్స్ పక్కన బ్యాంకు పరీక్ష. ఇవాళ వాటి మధ్య పచ్చ అట్టతో కొత్తది ఒకటి ఉంది. 'లెక్చరర్ పరీక్షకు ప్రపంచ సాహిత్యం: వంశీకృష్ణ సార్ చదివిన పుస్తకాలు.'

వంశీకృష్ణ పుస్తకాలు చదివాడా అని నవ్వొచ్చింది. నవ్వుతూనే తెరిచాను. "ఇది జ్వరం తగ్గాక చదవాల్సిన నవల. జ్వరంలో చదివితే చచ్చిపోయింది మనమేననిపిస్తుంది." ఆ జ్వరం నాది. తణుకులో డిగ్రీ చదివేటప్పుడు వచ్చిన టైఫాయిడ్. ఇంకో పేజీ తిప్పాను. "అమ్మతో మాటలు లేని రోజుల్లో చదివాను. అయిపోగానే అమ్మకి ఫోన్ చేశాను." ఆ అమ్మ మా అమ్మ. ఆవిణ్ణి కూడా వదల్లేదు ఆ మహానుభావుడు.

డిగ్రీ నుంచి ఇప్పటిదాకా చదివిన ప్రతి పుస్తకం పేరు, దేశం, కింద ఒకటి రెండు వాక్యాలు ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. కథంతా రాయను. ఎక్కడ గుచ్చుకుందో, చివరికి ఏమైందో రాస్తాను. ఆఖరి పేజీ దాకా చదవని పుస్తకం అందులో ఒక్కటి కూడా లేదు. ఎవరికోసమూ రాయలేదు. మొన్న ఉగాదికి వంశీకృష్ణ వచ్చి, నేనూ చదువుదామనుకుంటున్నానండీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు అన్నాడు. ఇన్నేళ్ళు నాతో ఒకే స్టాఫ్‌రూంలో కూర్చుని, నేను చెప్పే కథలన్నీ సమోసా తింటూ విన్నవాడు. ఒక్క పుస్తకం తెరిచి ఎరగడు. ఇప్పటికైనా బుద్ధి పుట్టిందని మురిసిపోయి నోటుబుక్కు చేతిలో పెట్టాను. రెండు రోజుల్లో తిరిగి ఇచ్చేస్తే, మాట నిలబెట్టుకున్నాడని మళ్ళీ మురిసిపోయాను.

ఆ తర్వాత మా ఇన్‌స్టిట్యూట్ వదిలేసి పంజాగుట్టలో సొంతంగా పెట్టాడు. ఎందుకో ఇవాళ తెలిసింది. సొమ్మొకడిది సోకొకడిది.

మొగిలయ్య దగ్గర నా మాటలు నేనే కొనుక్కుని ఇంటికి వచ్చాను.

జూన్ 10

నాకు కోపం లేదు.

జూన్ 11

కోపం లేదు. కూర మాడింది, అంతే.

జూన్ 15, ఆదివారం

పంజాగుట్టలో వంశీకృష్ణ ఉచిత డెమో క్లాసు. వెళ్ళాను. స్కార్ఫు ముఖానికి చుట్టుకుని, కళ్ళు మాత్రం వదిలి, వెనక వరసలో కూర్చున్నాను. ఈ ఊళ్ళో సగం మంది ఆడపిల్లలు అలాగే తిరుగుతారు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు.

మొదట తనకి ప్రాణమైన పుస్తకం గురించి చెబుతానన్నాడు. 'పైకొండ దొడ్డి', జార్జియా దేశపు నవల. దావిత్, లేవన్ ఇద్దరూ గొర్రెల కాపరులు, చిన్నప్పటి స్నేహితులు. లేవన్ చెప్పిన దొంగసాక్ష్యం వల్ల దావిత్ జైలుకి పోతాడు. తిరిగి వచ్చాక కొండ మీద గుడిసె వేసుకుని ఒంటరిగా బతుకుతాడు. ముసలివాళ్ళయ్యాక, మంచు కురుస్తున్న రోజున, లేవన్ కొండెక్కి వచ్చి ఆ తలుపు తడతాడు. దాని కింద నేను రాసుకున్నది ఒక్క ముక్క. దావిత్ తలుపు తీయలేదు.

వంశీకృష్ణ ఆ ముక్క చెప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాసేపు కిటికీ వైపు చూశాడు. హాలంతా వంగి రాసుకుంది.

అన్నిటిలోకీ నాకు దగ్గరి వాక్యం అది. ఎవరు దగా చేసినా దాన్నే తలుచుకుని నిలబడ్డాను. మా అక్క ఇల్లు తన పేర రాయించుకున్నప్పుడు తలుచుకున్నాను. నన్నే చేసుకుంటానన్న శ్రీధర్ పెళ్ళికార్డు పోస్టులో వచ్చినప్పుడు తలుచుకున్నాను. ఇవాళ దాన్ని తలుచుకుందామంటే అది కూడా వాడి నోట్లో ఉంది.

పక్కన కూర్చున్న అమ్మాయి నన్ను మోచేత్తో పొడిచి, "సార్ మస్తు చదివిండు గదా అక్కా" అంది. నేను దగ్గాను. బయటికొచ్చేసరికి వాన. ఆ అమ్మాయే గొడుగులోకి పిలిచింది. పేరు ఉదయలక్ష్మి, ఉండేది బోరబండ, ఎర్రగడ్డలో ఒక ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు చెబుతుందట. మెట్రో మెట్ల దగ్గర స్కార్ఫు విప్పి, నేనూ అమీర్‌పేటలో ఇదే పరీక్షకి పాఠం చెబుతానని చెప్పాను. ఇక్కడికెందుకు వచ్చానో తను అడగలేదు. సాహిత్యం సార్ దగ్గర, గ్రామర్, విమర్శ మీ దగ్గర చెప్పించుకుంటా మేడమ్ అంది. అమీర్‌పేట పిల్లల పద్ధతే అది. కూరలు ఒక దగ్గర, పప్పులు ఒక దగ్గర.

జూన్ 22, ఆదివారం

వంశీకృష్ణ ఫోన్ చేసి చాయ్‌కి పిలిచాడు. పంజాగుట్ట సర్కిల్ దగ్గరి పాత ఇరానీ హోటల్. తేలు కుట్టిన దొంగలా ఉంటాడనుకున్నాను. నిండుగా, నున్నగా, పెళ్ళికొడుకులా ఉన్నాడు. మెటీరియల్ బాగా పోతోందట. రెండో ఎడిషన్‌కి ఇంకో యాభై పుస్తకాలు కావాలట, ఉన్నవాటికి ఇంకాస్త వివరంగా చివరి ఘట్టాలు కావాలట. పరీక్షలో 'నవల చివర ఏమవుతుంది' అని బిట్లు అడుగుతారని టాక్ అట.

ఒకే ఒక్క మాట అడిగాను. అట్ట మీద ఎవరి పేరుంటుంది అని.

"మనలో మనకి పేర్లేంటి ధాత్రి గారూ" అన్నాడు. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, విరిగి పడకుండా నేర్పుగా నోట్లో వేసుకున్నాడు.

ఇస్తానన్నాను. తప్పకుండా ఇస్తానన్నాను.

జూన్ 25

దొరికింది.

మొదటి పేజీ మారిస్తే ఎవడైనా పట్టేస్తాడు. మధ్యలో మారిస్తే ఎవడికీ పట్టదు. చివర మార్చాలి. పుస్తకం మొత్తం చదివినవాడికి మాత్రమే కాలిలో దిగే ముల్లు అది. ఇంతమంది పిల్లల్లో ఎవరో ఒకరు పుస్తకం చదువుతారు, చివరికొస్తారు, సార్ ఇది తప్పు కదా అని నిండు హాల్లో లేచి నిలబడతారు. వాడు నీళ్ళు నములుతాడు. నేను వెనక వరసలో కూర్చుని ఉంటాను, ఈసారి స్కార్ఫు లేకుండా.

జూన్ 28

నాలుగు మార్చాను. నాలుగే. మిగతావన్నీ నిజం.

కెన్యా నవలలో తేయాకు తోట గుమాస్తాకి పోయిన ఉద్యోగం తిరిగి ఇప్పించాను. కొరియా ముసలామె అమ్మేసిన మగ్గాన్ని ఆమె ఇంట్లోనే ఉంచాను. హంగరీ నాటకంలో ఊరు వదిలి పారిపోయే జడ్జి చేత తప్పు ఒప్పించాను. అన్నిటికన్నా బాగా కుదిరింది 'ఉప్పు రేవు', పోర్చుగల్ నవల. మొగుడి దెబ్బలు పడలేక ఇనెస్ చిన్న పడవ తీసుకుని సముద్రంలోకి వెళ్ళిపోతుంది. చివరి పేజీలో పడవ ఒక్కటే ఒడ్డుకి వస్తుంది. నేనేం రాశానంటే: "ఇనెస్ అవతలి రేవులో దిగింది. మొదట కనబడిన మనిషిని, ఆకలేస్తోంది, రొట్టె ఉందా అని అడిగింది."

రాశాక నాకే కళ్ళు చెమర్చాయి. అబద్ధం ఇంత బాగా రాయగలనని ఇన్నాళ్ళూ తెలియదు.

జులై 1, మంగళవారం

బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం. రోడ్డంతా జనం. ఆ సందట్లోనే వంశీకృష్ణ బండి మీద వచ్చి కవరు తీసుకున్నాడు. తెరిచి చూడలేదు కూడా. మీరు దేవతండీ అన్నాడు. ఎల్లమ్మ తల్లి కూడా దేవతే నాయనా, కోపమొస్తే ఏం చేస్తుందో నీకు తెలియదు.

జులై 20

రెండో ఎడిషన్ తాడెక్కింది. నీలం అట్ట.

జులై 27

ఎవరూ ఏమీ అనలేదు.

ఆగస్టు 10

ఎవరూ.

ఆగస్టు 18, సోమవారం

ఇంతమంది పిల్లలు. హాస్టల్ మంచాల మీద, మెట్రోలో, టిఫిన్ బండి దగ్గర దోసె కాలేలోపు, ఎక్కడ చూసినా నీలం అట్టే. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ నా వాక్యాలు బట్టీ పడుతున్నారు. పుస్తకం పేరు బట్టీ, దేశం బట్టీ, నా టైఫాయిడ్ బట్టీ. పుస్తకం తెరిచినవాడు ఒక్కడు లేడు. చదివేవాడికోసం గొయ్యి తవ్వి కూర్చున్నాను, అటువైపు నడిచేవాడే లేడు. పదేళ్ళుగా అమీర్‌పేటలో ఉండి ఈ మాత్రం తెలియలేదు నాకు.

మొగిలయ్యని ఎలా పోతోందని అడిగాను. "గిట్ల పెడితే గట్ల అయిపోతున్నది మేడమ్. మిగిలిన ఇన్‌స్టిట్యూట్లోళ్ళు సుత దీన్నే కొట్టుకుంటున్నరు" అన్నాడు. చూపించాడు. మూడు రంగుల అట్టలు, మూడు ఇన్‌స్టిట్యూట్ల పేర్లు. మూడింట్లోనూ ఇనెస్ రొట్టె అడుగుతోంది.

ఆగస్టు 25

ఇవాళ మా డైరెక్టరు పిలిచి నీలం అట్ట మెటీరియల్ నా చేతికిచ్చాడు. మన దగ్గర కూడా ప్రపంచ సాహిత్యం మొదలుపెడదాం మేడమ్, ఈ లిస్ట్ మార్కెట్లో టాప్, దీన్నే చెప్పండి అన్నాడు.

నా లిస్టు నాకిచ్చి చెప్పమంటున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక తలూపాను.

ఆగస్టు 28, గురువారం

చెప్పాను. బోర్డు దగ్గర నిలబడి, మార్కరు పట్టుకుని, ఇనెస్ అవతలి రేవులో దిగిందని నా నోటితో చెప్పాను. పైగా లేనిపోనివి చేర్చాను. చెప్పుల్లో ఇసక, చేతిలో తడి మూట. వంశీకృష్ణ కళ్ళజోడు తుడుచుకుంటే నేనింత నాటకం ఆడొద్దా?

ముందు వరసలో ఉదయలక్ష్మి రాసుకోవడం ఆపేసి నా వంకే చూస్తూ కూర్చుంది. క్లాసయ్యాక వచ్చి, ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుంది మేడమ్ అని అడిగింది.

పుస్తకమెందుకు, బిట్ వచ్చు కదా, చాలు అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. రాసి పెట్టుకుంటున్నాను.

సెప్టెంబర్ 6, శనివారం

వినాయకుళ్ళ నిమజ్జనం, ఊరంతా బందు, క్లాసులు లేవు. అయినా ఉదయలక్ష్మి నడిచి వచ్చింది, ఇల్లు వెతుక్కుంటూ. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలో నిలబడే సంచిలోంచి పుస్తకం తీసింది. 'ఉప్పు రేవు', ఇంగ్లీషుది, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మొన్న ఆదివారమంతా వెతికి పట్టుకుందట.

"ఇనెస్ సచ్చిపోయింది మేడమ్" అంది.

కోపంగా అనలేదు. బంధువుల్లో ఎవరో పోయారని కబురు తెచ్చినట్టు అంది. తర్వాత మెల్లగా మిగతాది చెప్పింది. వాళ్ళ అక్క అత్తగారింట్లో దెబ్బలు పడలేక ఒక తెల్లారి వెళ్ళిపోయిందట. పోలీసులు వెతికారు, వీళ్ళు వెతికారు, జాడ లేదు. వాళ్ళమ్మ మంగవ్వ ఇప్పటికీ రోజూ ఒక మనిషికి ఎక్కువే వండుతుందట. క్లాసులో నేను రొట్టె సంగతి చెప్పిన రోజు ఇంటికి వెళ్ళి, ఆ కథ తల్లికి చెప్పిందట. ఆ తల్లి మొత్తం విని, ఆ బిడ్డకి రొట్టె పెట్టినవాళ్ళు చల్లగుండాలె అందట.

"పుస్తకమంత గా రొట్టె కోసమే చదివిన మేడమ్. బస్సుల చదివిన, బడిల పిల్లలు రాసుకుంటుంటే చదివిన. ఎంత కొడుతున్నా, ఆమె బతుకుతది లే, దిగుతది లే అనుకుంట చదివిన. ఆఖరుకు పడవ ఒక్కటే వచ్చింది. మా అమ్మకు ఏం చెప్పాలె ఇప్పుడు? గిట్ల ఎవరు రాసిన్రు? నాకు వాళ్ళు కావాలె."

చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోట్లోంచి వచ్చింది ఇది: మెటీరియల్ వంశీకృష్ణ సార్ది కదమ్మా, మాకిచ్చింది మేం చెప్పాం. ఇరవై ఒకటో తారీఖున పంజాగుట్టలో వాళ్ళ మెగా రివిజన్ ఉంది, అందరి ముందూ ఆయన్నే అడుగు.

తలూపి వెళ్ళిపోయింది. ఆ చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా విన్నాను.

సెప్టెంబర్ 7

ఇందులో నేను చేసిన తప్పేమీ లేదు. దొంగిలించింది ఎవరు? వాడు. అట్ట మీద పేరెవరిది? వాడిది. పేరు తీసుకున్నవాడు తప్పు కూడా తీసుకోవాలి. ఇది న్యాయం.

సెప్టెంబర్ 9

న్యాయమే.

సెప్టెంబర్ 14

ఉదయలక్ష్మి క్లాసుకి వస్తోంది. ముందు వరసలోనే కూర్చుంటోంది. నా వంక చూసి నవ్వుతోంది, ఇద్దరం ఒక పక్షమన్నట్టు. బోర్డు వైపు తిరిగి ఎక్కువసేపు రాశాను ఇవాళ.

దావిత్ తలుపు తీయలేదు. దావిత్ తలుపు తీయలేదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

వచ్చేసి గంట అయింది. చీర కూడా మార్చుకోలేదు. వరసగా రాస్తాను.

ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. స్టేజీ మీద ముందు రోజు ఫంక్షన్ పూలు అలాగే ఉన్నాయి, ఆ పూల కిందే వంశీకృష్ణ. నేను స్కార్ఫు లేకుండా, పట్టు అంచు చీర కట్టుకుని వెళ్ళాను. వాడి పతనానికి ముస్తాబయ్యాను, సిగ్గెందుకు రాసుకోవడానికి. వెనక వరసలో కూర్చున్నాను.

ప్రశ్నలడగండి అనగానే ఉదయలక్ష్మి లేచింది. మైకు తీసుకుని, పుస్తకం పైకెత్తి చూపించి, ఇందులో ఇనెస్ చనిపోయింది, మీ మెటీరియల్లో బతికింది, ఇట్ల ఎందుకు రాశారు సార్ అని అడిగింది. నేను కుర్చీలో ముందుకి జరిగాను, ఆనందంతో. ఇన్ని నెలలుగా ఎదురుచూసిన ఘడియ.

వాడు నీళ్ళు నమల్లేదు. తడబడలేదు. నవ్వాడు.

"చాలా మంచి ప్రశ్నమ్మా. ఇవాళ మీ అందరికీ ఒక నిజం చెప్పాలి" అన్నాడు. "ఈ లిస్ట్ నాది కాదు. ఇందులో ప్రతి పుస్తకం చదివింది, ప్రతి వాక్యం రాసింది ధాత్రి మేడమ్ గారు. ఇన్నాళ్ళూ పేరొద్దన్నారు. అదిగో, వెనకే కూర్చున్నారు. ఆవిడే చెబుతారు."

జనం చప్పట్లు కొట్టారు. జూన్ నుంచి నేను నిద్రలో కూడా కోరుకున్నది ఇదే. నిండు హాల్లో, మైకులో, నా పేరు, ప్రతి వాక్యం నాదే అన్న మాట. అన్నీ అడిగినట్టే ఇచ్చాడు.

తలలన్నీ తిరిగాయి. ఉదయలక్ష్మి కూడా తిరిగింది. చప్పట్లు కొట్టని చేతులు ఆమెవే, ఒక దాంట్లో పుస్తకం ఉంది మరి.

మైకు నా దగ్గరికి వచ్చింది. ఇనెస్ చనిపోతుంది, నేను కావాలనే మార్చి రాశాను అన్నాను. నా గొంతు హాలంతా మోగింది. ఎందుకని ఎవరూ అడగలేదు. మూడో వరసలోంచి ఒకబ్బాయి లేచి, "మేడమ్, మరి పరీక్షల ఏ ఆప్షన్ పెట్టాలె?" అన్నాడు. హాలంతా ఆ జవాబు కోసం పెన్నులు పట్టుకుని కూర్చుంది.

బయట వంశీకృష్ణ నా పక్కనుంచి వెళుతూ, మీరు ఊరికే ఇవ్వరని నాకు తెలుసండీ అన్నాడు, చిన్నగా. ఎన్నాళ్ళనుంచి తెలుసో చెప్పలేదు.

ఉదయలక్ష్మి కోసం మెట్రో మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆమె వేరే దారిన పోయింది.

సెప్టెంబర్ 22

పేరొచ్చింది.

సెప్టెంబర్ 30

మొగిలయ్య దూరం నుంచే చెయ్యెత్తి పిలిచాడు. తాడు మీద మూడో ఎడిషన్, ఎర్ర అట్ట. 'ధాత్రి మేడమ్ మెటీరియల్.' "మీ పేరు మీద సూపర్ పోతున్నది మేడమ్, జర చెప్పొద్దా మీరే అని" అన్నాడు. తెరిచి చూశాను. లోపల ఒక్క అక్షరం మార్చలేదు. ఇనెస్ ఇంకా రొట్టె అడుగుతూనే ఉంది. ఇప్పుడు నా పేరు మీద అడుగుతోంది. పెన్ను తీసి దిద్దబోతే, అమ్ముడుపోయే మాలు ఖరాబు చేయకండి మేడమ్ అని మెల్లగా లాక్కున్నాడు.

బతుకమ్మ పాటలు మైకుల్లో వినిపిస్తున్నాయి. పరీక్ష మళ్ళీ వాయిదా పడింది. హాస్టళ్ళలో తిట్లు కూడా వినిపిస్తున్నాయి.

అక్టోబర్ 5, ఆదివారం

ఉదయలక్ష్మి వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది, మంచినీళ్ళు తాగింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. తిడితే బాగుండేది.

ఎన్ని మార్చారు అని అడిగింది. నాలుగు అన్నాను. వంశీకృష్ణ చేసిన మోసం, నోటుబుక్కు సంగతి, అంతా చెప్పాను. నా వైపు కూడా ఒక కథ ఉందని చెప్పాలనిపించింది. సాంతం విని, "ఆయన మీద కోపానికి మా అమ్మ నోట్ల రొట్టె పెట్టిన్రా" అంది.

సిగ్గేసింది. ఒళ్ళంతా సిగ్గేసింది. మిగతా మూడూ ఏవో చెబుతాను, దిద్దుకో అన్నాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పకున్రి. మీ మాట ఎట్ల నమ్మాలె? లిస్టుల ఉన్నయన్నీ చదువుత. నేనే పట్టుకుంట."

నన్ను క్షమించలేదు. సరే. దావిత్ కూడా క్షమించలేదు. నేను నేర్పిన పాఠమే నాకు అప్పజెప్పింది. ఒక్కటి మాత్రం రాసుకోవాలి. తను వెళ్ళాక చూసుకుంటే, నా అలమరాలో మూడు పుస్తకాలు లేవు. మెసేజ్ పెట్టి కనుక్కుంటే, అడిగే తీసుకెళ్ళిందట, నేనే ఇచ్చానట. గుర్తే లేదు.

అక్టోబర్ 19

మెసేజ్: "గుమాస్తా. రెండోది దొరికింది."

అక్టోబర్ 20

దీపావళి. ఒక్కదాన్నే రెండు దీపాలు పెట్టాను. ఆ మెసేజ్ మళ్ళీ చదివాను. దొంగని పట్టుకున్నానని పోలీసు ఫోన్ చేస్తే దొంగ సంబరపడడం ఎక్కడైనా ఉందా?

నవంబర్ 2

"మగ్గం అమ్మేసింది ముసల్ది. మూడు." వెంటనే ఇంకోటి: "నేనైనా అమ్ముదును."

నేనూ అదే అనుకున్నాను మొదటిసారి చదివినప్పుడు. రిప్లై ఇవ్వబోయి మానేశాను. నాతో మాట్లాడడానికి పంపుతున్నవి కావు అవి.

నవంబర్ 16

"జడ్జి పారిపోయిండు. నాలుగు."

అయిపోయింది. ఇక మెసేజ్‌లు రావు. వంశీకృష్ణ బంజారా హిల్స్‌లో రెండో బ్రాంచి తెరుస్తున్నాడని మెట్రో స్తంభాలకి పోస్టర్లు. చూస్తూ నడిచాను. ఎక్కడో చిన్న మంట ఉంది, ఉండనీ. ఆరిపోతే నాకు చలేస్తుంది.

నవంబర్ 30, ఆదివారం

మధ్యాహ్నం ఫోన్ మోగింది. మెసేజ్ కాదు, ఫోన్.

"ఐదోది సుత దొరికింది మేడమ్" అంది.

ఐదోది లేదు, మార్చింది నాలుగే అన్నాను. నమ్మదని తెలిసీ అన్నాను. మైత్రీవనం ఎదురుగా ఉన్నా, మెట్రో కిందికి రండి అంది. చెప్పులేసుకుని వెళ్ళాను. వేరుశనగల బండి పక్కన నిలబడి ఉంది, చేతిలో 'పైకొండ దొడ్డి'. లైబ్రరీ ముద్ర ఉన్న కాపీ.

ఇందులో ఒక్క అక్షరం మార్చలేదు, ఇది నా సొంత వాక్యం, నా బతుకంతా దీని మీదే నిలబడ్డాను అన్నాను. గొంతు పెరిగింది, బండివాడు తలెత్తి చూశాడు. ఆమె పుస్తకం చివర తెరిచి వేలు పెట్టి చూపించింది.

"తీసిండు మేడమ్" అంది.

అక్కడ చదవలేదు. చదవలేకపోయాను. ఇంటికొచ్చి నా కాపీ తీశాను. బట్టల అలమరాలో, పట్టుచీరల కింద, అన్నిటికన్నా భద్రంగా దాచుకున్న పుస్తకం. వెనకనుంచి తెరిస్తే చివరికి కొన్ని పేజీల ముందు ఒక సిటీ బస్సు టికెట్ ఉంది. సిరా వెలిసిపోయింది. ఆ పేజీ అడుగున లేవన్ తలుపు తడుతున్నాడు. దావిత్ పొయ్యి దగ్గర కూర్చుని వింటున్నాడు, లేవలేదు. అక్కడితో పేజీ అయిపోయింది.

నేనక్కడ ఆపేశాను. ఇప్పుడు గుర్తొస్తోంది. మా అక్క ఇల్లు రాయించుకున్న వారం. బస్సులో చదువుతూ, వాడు లేవలేదు అన్న దగ్గర పుస్తకం మూసి, బాగా అయింది అనుకుని దిగిపోయాను. నాకు కావలసింది దొరికింది. ఆ రాత్రే నోటుబుక్కులో రాసేసుకున్నాను.

మిగిలిన పేజీలు ఇవాళ చదివాను. దావిత్ చాలాసేపు కూర్చుంటాడు. పొయ్యి ఆరిపోతుంది. తర్వాత లేచి తలుపు తీస్తాడు. ఏమీ అనడు. క్షమించానని ఎక్కడా అనడు. లేవన్ మీది మంచు దులపడు కూడా. చలికి గొర్రెలు లోపలికి వచ్చేస్తున్నాయి, వచ్చేదైతే వచ్చి తలుపెయ్యి అంటాడు. అంతే పుస్తకం.

అది అతని తలుపు, అతని ఇష్టం. వంశీకృష్ణకి నేను తీయను. మా అక్కకి కూడా.

డిసెంబర్ 1, సోమవారం

పొద్దున్నే ఉదయలక్ష్మికి మెసేజ్ పెట్టాను. "ఐదోది నేను మార్చింది కాదు. చివరిదాకా చదవలేదు."

క్లాసుకి తయారవుతుంటే జవాబొచ్చింది. "ఇంకెన్ని చదవలేదు మేడమ్?"

ఒక్కటి కూడా లేదని టైపు చేశాను. పంపలేదు. చెరిపేశాను. మా డైరెక్టరుకి ఫోన్ చేసి ఇవాళ రాలేనని చెప్పి, లేచి పుస్తకాల అలమరా తలుపు తీశాను.